ఇసకపేట నాలుగో మసేను

పోతయ్య పిలవనన్నాడు. గుమ్మంలో నిలబడ్డ కాసమ్మ చేతిలో తాంబూలం పళ్ళెం అలాగే ఉండిపోయింది.

"నీ మనవడికి పేరెట్టుకో కాసమ్మా, నానొద్దనటం నేదు. రాముడనెట్టుకో, కిష్ణుడనెట్టుకో. ఆ పేరు మాత్రం నా నోట్నుంచి రాదు," అన్నాడాయన, అల్లుతున్న వల మీంచి తల ఎత్తకుండానే.

"ఇద్దరు పిల్లలు పోయేక పుట్టిన గుంటడు బావా! అమ్మోరి పేరెట్టకపోతే ఎలాగ?"

"అమ్మోరి పేరెట్టాలంటే ముందు మీ ఇంటోడి పేరు పిలవాల. పిలవను. ఇంక ఎల్లు."

ఊరి పెద్ద ఎల్లమంటే వెళ్ళక ఏం చేస్తుంది! వెళ్ళింది. దారిలో ఎదురైనవాళ్ళు పళ్ళెంలో ఆకూవక్కా అలాగే ఉండటం చూసి, సంగతి గ్రహించి, చూడనట్టు తలలు తిప్పుకున్నారు.

ఈ తగువు అర్థం కావాలంటే ఇసకపేట గురించి కాస్త చెప్పుకోవాలి. రుషికుల్య సముద్రంలో కలిసే మొగకి దక్షిణాన, ఛత్రపూర్ నుంచి ఆటోలో అరగంట దూరంలో ఉన్న జాలరి పల్లె అది. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు. ఇంట్లో తెలుగు, సంతలో ఒడియా, కోపం వస్తే రెండూ. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటారే, ఆ సామెత ఇసకపేటకి సగమే అతుకుతుంది. దిబ్బ మాట నిజమే, ఊరున్నదే ఇసుకదిబ్బ మీద. కానీ అక్కడ ఒక పేరుంది చూశారూ, అది మాత్రం నిజంగా గొప్పదే.

ఆ పేరు మసేను. ఊరి చివర కాటికి పోయే దారిలో మసేనమ్మ ఉంది. గుడంటే గుడి కాదు, నాలుగు రాళ్ళూ, వాటికి పూసిన పసుపూ. ఒక తల్లికి పిల్లలు పుట్టినట్టే పుట్టి పోతుంటే, ఆ తరవాత పుట్టినవాణ్ణి అక్కడికి తీసుకెళ్ళి, బూడిదలో ఒకసారి పొర్లించి, "తల్లీ, వీడు నీవాడే" అని వదిలేసి పదడుగులు వచ్చేస్తారు. మళ్ళీ వెనక్కి తిరిగి, దోసెడు నూకలు అమ్మవారి ముందు పోసి, బిడ్డని కొనుక్కుంటారు. మసేనమ్మ ఒడిలో పడుకుని లేచొచ్చినవాడు కనక వాడి పేరు మసేను. కాటితల్లి ఒకసారి చూసి పంపించినవాడి జోలికి చావు మళ్ళీ తొందరపడి రాదని ఊరి నమ్మకం. అవునా కాదా అని వాదించేవాళ్ళు వాదించుకోవచ్చు. ఆ పేరున్నవాళ్ళు చావుకి భయపడ్డట్టు మాత్రం ఇసకపేటలో ఎవరూ చెప్పుకోగా వినలేదు.

అలాంటి మసేనుల్లో ముగ్గురు మరీ ఘనులు. మొదటివాడు రంగం మసేను. యుద్ధంలో బాంబులు పడుతుంటే రంగూన్ నుంచి కాలినడకన బయల్దేరి, కొండలూ అడవులూ దాటి వచ్చాడు. దారిలో తన మూటాముల్లే పారేసి, తల్లి చనిపోయిన ఎవరి పిల్లనో భుజాన వేసుకున్నాడు. ఊరు చేరాక ఆ పిల్లది ఏ కులం అని అడిగిన పెద్దమనుషులతో, "నెల్లాళ్ళు నా బుజమ్మీద నిద్దరోనాది. నా బుజానిది ఏ కులమో, దానిదీ అదే," అన్నాట్ట.

రెండోవాడు తెడ్డు మసేను. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, తెరచాప చిరిగి కొట్టుకుపోతున్న నావని, అందులో ఉన్న ఏడుగురినీ, ఒకే ఒక్క తెడ్డుతో మూడు రోజులు లాక్కొచ్చి గోపాలపూర్ ఒడ్డున పడేశాడు. దిగగానే అతను అడిగింది మంచినీళ్ళు కాదు, చుట్ట.

మూడోవాడు సదువు మసేను. వేలిముద్రగాడు! ఊరికి బడి కావాలని ఛత్రపూర్లో ఒక ఆఫీసు వరండాలో పంతొమ్మిది రోజులు కూర్చున్నాడు. ఉత్త చేతులతో కూర్చుంటే ఎవరు పట్టించుకుంటారు? పక్కన ఎండుచేపల గంప పెట్టుకుని మరీ కూర్చున్నాడు. అసలే వానాకాలం. ఇరవయ్యో రోజున గుమాస్తాలే ముక్కులు మూసుకుని కాగితం చేతిలో పెట్టి సాగనంపారు. ఇవాళ ఇసకపేటలో నాలుగక్షరం ముక్కలు వచ్చిన ప్రతివాడూ ఆ గంపకి దణ్ణం పెట్టాలి.

ఏ ఇంట్లో మసేను పుట్టినా, ఇరవయ్యొకటో రోజు పొద్దున ఊరి పెద్ద మసేనమ్మ ముందు నిలబడి కేకెయ్యాలి. ముందు ఆ ఇంట్లో పోయిన మసేనుని, తరవాత వరసగా ఆ ముగ్గురినీ. ఒక్కొక్క కేకకీ ఆడవాళ్ళంతా "వచ్చేడు, వచ్చేడు" అని బదులు పలకాలి. సొంతింటివాణ్ణి దాటేసి పైవాళ్ళని పిలిస్తే పేరు నిలవదు. పేరు నిలవకపోతే బిడ్డ నిలవడని భయం. కాసమ్మ కోడలు నీలమ్మ ఇప్పటికే ఇద్దరు పసివాళ్ళని ఆ కాటిదారినే పంపింది. మూడోవాణ్ణి గుండెకి హత్తుకుని, ఇరవయ్యొకటో రోజు కోసం వేళ్ళు మడుస్తూ కూర్చుంది.

చిక్కేమిటంటే, కాసమ్మ ఇంట్లో ఒక మసేను ఉన్నాడు. ఆమె మొగుడు.

ఇరవై రెండేళ్ళ కిందట, తొంభైలో, పెద్ద వరద వచ్చిన కార్తీకమాసంలో, ఊరంతా కలిసి చేయించుకున్న కొత్త నావ ఒడ్డున ఉంది. ముక్కుకి పసుపు రాశారు గానీ ఇంకా నీళ్ళు ముట్టలేదు. కొత్త నావ ముందు ఉప్పునీళ్ళే తాగాలి. గంగమ్మకి మొక్కి సముద్రంలోకే దింపాలి. ముందుగా ఏటి తీపినీళ్ళు తాగిన నావ ఊరికి కీడని అక్కడి కట్టుబాటు. రేడియోలో తుఫాను కబురు రాగానే మసేను, "నావని ఏట్లోకి ఒట్టుకుపోయి ఎగువన దాసేద్దాం. ఇక్కడుంటే పుల్లలైపోద్ది," అన్నాడు. పోతయ్య వద్దన్నాడు. మాటా మాటా పెరిగింది. "ఊరందరిదీ ఒక దారీ, నీదొక దారీనేటి?" అని పోతయ్య గద్దించాడు. ఊరు పోతయ్య వైపు నిలబడింది.

సాయంత్రం జనమంతా బళ్ళోకి చేరుతుంటే, మసేను ఒక్కడూ నావ తాళ్ళు విప్పేశాడు. పొంగిన నీళ్ళు అప్పటికే దాని కిందికి వచ్చేశాయి. సముద్రం మీది గాలి వెనకనుంచి తోస్తుంటే, గడకర్ర పట్టుకుని ఏటికి ఎదురు పోతుండగా ఇద్దరు చూశారు. అదే ఆఖరు చూపు.

మర్నాడు పోతయ్య అన్న సోములు మొగ దగ్గర ఇసుకతిన్నె మీద చిక్కుకుపోయాడు. ఎండబెట్టిన చేపల కోసం వెళ్ళినవాడు, చుట్టూ నీళ్ళు కమ్మేసి, తువ్వాలు ఊపుతూ నిలబడ్డాడు. తెప్పలన్నీ అప్పటికే చెదిరిపోయాయి. వెళ్ళడానికి నావ లేదు. మధ్యాహ్నం దాకా ఊరంతా ఒడ్డున నిలబడి ఆ తువ్వాలుని చూసింది. ఆ తరవాత తువ్వాలూ లేదు, తిన్నే లేదు.

మసేను రాలేదు, నావా రాలేదు. కట్టుబాటు మీరాడు, నావని అమ్ముకుని పారిపోయాడు, సోములుని పొట్టన పెట్టుకున్నాడు. ఊరు తీర్పు చెప్పేసింది. నావదొంగ అని పేరు పెట్టేసింది. రెండేళ్ళ కొడుకు తాతారావుని చంకనేసుకుని కాసమ్మ ఆ మాటని ఇరవై రెండేళ్ళు మోసింది. నుదుట బొట్టూ చేతులకి గాజులూ ఉన్నాయి, మొగుడు లేడు. విధవ అంటే చచ్చినట్టు రుజువు లేదు, ముత్తైదువ అంటే పేరంటానికి పిలిచేవాళ్ళు లేరు. ఆవిడ మాత్రం ఎవరేమన్నా ఒకటే జవాబు: "మా ఆయన నావని దాసడానికి ఒట్టుకెల్లేడు." గోడకి చెప్పినా ఒకటే, ఊరికి చెప్పినా ఒకటే.

మనవడు పుట్టిన పన్నెండో రోజున పురుషోత్తంపూర్ సంత. పురుడు తీరింది కనక కాసమ్మ ఎండుచేపల గంప ఎత్తుకుని బస్సెక్కింది. బస్సులో దారంతా ఒకటే ఆలోచన. పోతయ్య కాళ్ళు పట్టుకోవాలా, వేరే పేరు పెట్టేసి దేవుడి మీద భారం వెయ్యాలా?

సంతలో గంప దించి, నెత్తళ్ళు కుప్ప పోసి, "రండమ్మా, రండి" అని ఒడియాలో పిలుపులు మొదలెట్టింది. సరిగ్గా అప్పుడే, వంకాయల రాశుల అవతల నుంచి ఒక ఆడమనిషి కేకేసింది.

"మసేనా! ఏ మసేనా! బేగి ఆ!"

కాసమ్మ చెయ్యి నెత్తళ్ళలోనే ఆగిపోయింది. తలపాగా చుట్టుకున్న కుర్రాడొకడు "వస్తున్నా" అంటూ వంకాయల బుట్టతో పరుగెత్తాడు. ఇరవై ఏళ్ళు దాటి ఉంటాయి. కాళ్ళకి పొలం బురద. ఉప్పుగాలి మొహాన తగిలినవాడిలా లేడు. ఔరా, రైతుబిడ్డకి కాటితల్లి పేరెవరు పెట్టారు? ఏ కులంవాళ్ళు పెట్టుకుంటారీ పేరు, మా జాలరివాళ్ళు తప్ప?

గంపని పక్క మనిషికి అప్పజెప్పి లేచి వెళ్ళింది. వెళ్ళి, వంకాయలు బేరమాడినట్టు నిలబడి, మొగుడి పేరు నోటితో అనకూడదు కనక, "నీ పేరేంటి నాయనా?" అని ఒడియాలో అడిగింది.

"మసేను."

"అది మావాళ్ళ పేరు కదా బాబూ. నీకెలా వచ్చింది?"

కుర్రాడు నవ్వాడు. "అందరూ అదే అడుగుతారు మావుసీ. మా జాముపొడాలో ఆరుగురం ఉన్నాం. అందరం ఒకే ఏడాది పుట్టాం. ఒకడు కరెంటు స్తంభాలెక్కుతాడు, ఒకడు మేష్టరు చదువు చదువుతున్నాడు, ఒకడు పోలీసు బ్యాండులో బాకా ఊదుతాడు, ఇద్దరు సూరత్ మిల్లులో ఉన్నారు. నాకు వంకాయలు దక్కాయి. ఎందుకు పెట్టారో మా అమ్మనడుగు."

అతని తల్లి వంకాయల వెనక గోనె మీద కూర్చుని ఉంది. ఆవిడ పేరు పుణ్యవతి. కాసమ్మ వయసే. కాసమ్మ చీరకట్టూ, చేపల వాసనా గమనించి, "నోళియా పల్లె నుంచా?" అంది. జాలరివాళ్ళని అక్కడ నోళియాలంటారు. కాసమ్మ తలూపింది.

"అయితే కూర్చో తల్లీ. నీకు చెప్పితీరాలి," అంది పుణ్యవతి.

చెప్పింది. తొంభై వరదలో రుషికుల్య ఒక్కసారిగా ఊరి మీద పడింది. జాముపొడా జనం ఇళ్ళ కప్పులెక్కారు. పుణ్యవతికి నెలలు నిండి ఉన్నాయి. కప్పు కింద గోడలు నానిపోయి ఒక్కొక్కటే కూలుతున్నాయి. అప్పుడు కనిపించింది నావ. ముక్కుకి పసుపు రాసిన కొత్త నావ, అందులో ఒక్కడే మనిషి. ఎగువన ఎక్కడో చెట్టుకి కట్టుకుని తుఫాను తగ్గేదాకా ఉన్నాట్ట. తన ఊరికి దిగువకి పోతూ ఈ కప్పుల మీది అరుపులు విన్నాడు.

"ఆ హోరులో మాటలకి తావెక్కడ? 'ఉఠొ, ఉఠొ' అని ఎక్కమనేవాడు, అంతే. కప్పుల మీంచి దించుకుని ఎత్తుగట్టుకి చేర్చేవాడు. మళ్ళీ వచ్చేవాడు. ప్రవాహం ఎలా ఉందనుకున్నావు! గేదెలు గడ్డిపోచల్లా కొట్టుకుపోతున్నాయి. రెండోసారి నన్నెక్కించుకున్నాడు. నాకు నావలోనే నొప్పులొచ్చాయి. భయంతో, నీ పేరేంటి బాబూ అన్నాను. చెప్పాడు. ఊరు అడుగుదామనుకునేలోపల గట్టొచ్చేసింది. నన్ను దించి, దిగువకి చూశాడు. చూసిన ప్రతిసారీ తన భాషలో ఒకే మాట అనుకునేవాడు. నాకు అర్థం కాలేదు గానీ, గట్టు మీద పడుకుని నాలుగైదుసార్లు విన్నాను. ఇప్పటికీ మరిచిపోలేదు."

పుణ్యవతి కళ్ళు మూసుకుంది. అర్థం తెలియని మంత్రం అప్పజెప్పినట్టు, ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ, తెలుగులో అంది:

"ఇంకొక్కపాలి. అంతే. ఊల్లో నావ కోసం సూత్తంతారు. ఎల్లిపోవాల."

కాసమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ఆ 'అంతే' అనడం ఆయనదే. చుట్ట ఆర్పేస్తూ అనేవాడు, పిల్లాణ్ణి ఎగరేస్తూ అనేవాడు. ఇరవై రెండేళ్ళ తరవాత మొగుడి మాట, తెలుగు రాని ఆడమనిషి నోటినుంచి, వంకాయల మధ్య వినవలసి వచ్చింది. ఏడుపు ఎక్కడ దాగుందో ఇన్నాళ్ళూ, ఒక్కసారిగా తన్నుకొచ్చింది. సంతలో జనం గుమిగూడారు. పుణ్యవతికి ఏమీ చెప్పకుండానే అర్థమైంది. కాసమ్మని గట్టిగా పొదివి పట్టుకుంది.

"ఆ తరవాత?" అని అడిగింది కాసమ్మ చెంగుతో కళ్ళు తుడుచుకుని.

"ఆరోసారి మా మామగారొక్కడే మిగిలాడు. ముసలాయనే వద్దు, రావద్దని చెయ్యి ఊపాడు. గట్టు మీది వాళ్ళమూ వద్దన్నాం. నీ మొగుడు ఒక వేలు చూపించి నవ్వాడు. వెళ్ళాడు. ఎక్కించుకున్నాడు కూడా. తిరిగొస్తుంటే పెద్ద చెట్టు ఒకటి వేళ్ళతో సహా కొట్టుకొచ్చి నావకి తగిలింది. రెండు రోజులకి మొగలిపొదల్లో దొరికారు, ఇద్దరూ ఒకేచోట. మా మామగారికి ఎలా చేశామో ఆయనకీ అలాగే చేశాం. ఆ ఏడు పుట్టిన మగపిల్లలందరికీ ఆ పేరే పెట్టుకున్నాం."

"మరి మాకు కబురంపలేదేమమ్మా?"

"అయ్యో, వెతకలేదనుకున్నావా? మా మగవాళ్ళు మొగకి అటూ ఇటూ నోళియా పల్లెలన్నీ తిరిగారు. ఎక్కడ అడిగినా మసేనులే, అందరూ బతికే ఉన్నారు! ఒక్క ఊళ్ళో మాత్రం, 'మా మసేను నావ దొంగిలించి పారిపోయాడు' అన్నారట. మేం వెతికేది దొంగని కాదు కదా అని తిరిగొచ్చేశారు."

కాసమ్మ ఏడుస్తూనే నవ్వింది. ఏం చేస్తుంది మరి? ఇంటి గుమ్మం దాకా వచ్చిన కబురుని ఊరి నోరే తరిమేసింది.

ఆ మధ్యాహ్నం పుణ్యవతి ఆమెని జాముపొడా తీసుకెళ్ళింది. ఏటిగట్టు మీద, కాల్చినచోట, ఊరివాళ్ళు మొగలి మొక్క నాటారు. కాసమ్మ అక్కడ కూర్చుని, తన చేత్తోనే గాజులు తీసి ఒక్కొక్కటే నీళ్ళలో వేసింది. ఏడవలేదు. నా మొగుడు దొంగ కాదు, నా మొగుడు దొంగ కాదు అని లోపల ఒకటే మాట డప్పులా మోగుతుంటే ఏడుపు ఎలా వస్తుంది! ఆమెకి ఆ క్షణాన దుఃఖం కంటే గర్వమే ఎక్కువైంది. ఉన్నమాట చెప్పుకోవడానికి సిగ్గెందుకు?

బోసి చేతులతో ఊళ్ళోకి వచ్చి, తిన్నగా పోతయ్య ఇంటికి వెళ్ళి, ఉన్నదున్నట్టు చెప్పింది. పోతయ్య వల పక్కన పెట్టి విన్నాడు.

"పరాయూరోల్లు ఏటైనా సెప్తారు," అన్నాడు చివరికి.

"అయితే ఇరవయ్యొకటో రోజున మసేనమ్మ కాడికి రా బావా. పిలవక్కర్నేదు. ఆల్ల నోటినుంచి ఇను, సాలు."

ఆ రోజు రానే వచ్చింది. పొద్దు పొడుస్తూనే ఊరంతా కాటిదారిలో చేరింది. నీలమ్మ బిడ్డని బూడిదలో పొర్లించి, పదడుగులు నడిచి, తాతారావు పోసిన దోసెడు నూకలతో మళ్ళీ కొనుక్కుంది. అంతలో దిబ్బకి అవతల ఆటో ఆగింది. పుణ్యవతి దిగింది. ఆమె వెనక వంకాయల కుర్రాడూ, మరో ఐదుగురూ. సూరత్ మిల్లు వాళ్ళిద్దరూ రెండు రోజులు రైల్లో నిలబడి వచ్చారట, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. బ్యాండువాడు యూనిఫాం వేసుకుని మరీ వచ్చాడు. ఆరుగురూ చెప్పులు విడిచి, ఏం చెయ్యాలో తెలియక, వరసగా చేతులు కట్టుకుని నిలబడ్డారు.

పోతయ్య వచ్చాడు. వచ్చి, అందరికీ దూరంగా, తాటిదుంగ మీద కూర్చున్నాడు.

పుణ్యవతి ఆయన దగ్గరికే వెళ్ళింది. ఇసకపేటలో ఒడియా రానివాళ్ళు లేరు కనక అందరికీ అర్థమైంది ఆమె మాట. "అయ్యా, మీ అన్నగారి సంగతి కాసమ్మ చెప్పింది. ఆ రోజు ఆయన కోసం రావలసిన నావలో కూర్చున్నది నేను. నా కడుపులో వీడు. మేం ఎక్కకపోతే ఆ నావ మీ ఊరు చేరేది. మసేను మాట పడకూడదు. అనదలుచుకుంటే మమ్మల్ననండి."

పోతయ్య ఆమె వంక చూడలేదు. ఆరుగురు కుర్రాళ్ళ వంకా చూడలేదు. అరవై ఏళ్ళుగా నావ నడిపినవాడు కనక, అరవై ఏళ్ళుగా నావ నడిపినవాడు అడిగే మాటే ఒడియాలో అడిగాడు.

"ఎన్ని పాల్లు ఎల్లేడు?"

"ఆరు."

"ఆ వరదలో? ఏటికి అడ్డంగా? ఒక్కడూ, గడకర్రతోటి?"

"అవునయ్యా."

"నీరు ముట్టని కొత్త నావ," అన్నాడు పోతయ్య తనలో తాను. "సెక్క ఇంకా నాననేదు. అతుకుల్లోంచి నీరొచ్చెస్తాది. తోడుకుంటూ నడపాల." ఆయన చేతులు ఖాళీ గాలిలో గడకర్ర పట్టినట్టు కదిలాయి. "నానైతే రెండో పాలికే మునిగిపోదును. మా తెడ్డు మసేనైనా నాలుగు... నాలుగు దాటించునేమో." తల విదిలించాడు. "ఆరు పాల్లు! ఓర్నాయనో!"

లేచాడు. రాళ్ళ దగ్గరికి నడిచి, కాసమ్మ ముందు ఆగాడు.

"అబద్దమాడ్నేను కాసమ్మా. మా అన్న తువ్వాలు ఊపటం నాకిప్పటికీ అగుపిస్తాది. ఆ కోపం సల్లారదు. నాతోనే కాటికొస్తాది. ఐతే అదీ ఇదీ ఒకటి కాదు. పిలుత్తాను. పక్కకి జరుగు."

ఇరవై రెండేళ్ళు ఈ మాట కోసం ఎదురుచూసిన మనిషి, పక్కకి జరగాలా వద్దా? కాసమ్మ జరగలేదు.

"ముందు సోములు బావ పేరు పిలు," అంది.

వెనకనుంచి ఎవరో గొణిగారు. "సోములు మసేను కాడు గదేటి? ఇక్కడ ఇంకో పేరు ఎన్నడూ పిలవనేదు."

"నేకపోతే నేకపోనాది! ఇయాల పిలవండి." కాసమ్మ గొంతు పెంచింది. "ఆ నావ కోసం సూసినాయన సోములు బావే. ముందు ఆ బావ రావాల. ఆ బావ రాకుండా మా ఆయనొక్కడూ వచ్చి ఇక్కడ మొకం ఎత్తి నిలబడ్నేడు. ఊల్లో సూత్తంతారు, ఎల్లిపోవాల అనుకుంటూనే సచ్చిపోయినాడు బావా!"

పోతయ్య రాళ్ళ వైపు తిరిగాడు. ఎవరి పేరునైతే ఇన్నేళ్ళూ కోపంలోనే తలుచుకున్నాడో, ఆ అన్న పేరుని మొదటిసారి ప్రేమగా పిలవడానికి నోరు తెరిచాడు.

"సోములూ!"

"వచ్చేడు, వచ్చేడు," అన్నారు ఆడవాళ్ళు. కొందరు అంటూనే ఏడ్చారు.

పోతయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. నిటారుగా నిలబడి, ఏటి వైపు తిరిగి, కడలి హోరుని మించిన గొంతుతో కేకేశాడు.

"మసేనూ!"

ఆడవాళ్ళు బదులు పలికేలోపల, ఇక్కడి ఆచారం తెలియని ఆ ఆరుగురు కుర్రాళ్ళూ, పెద్దాయన తమనే పిలిచాడనుకుని, ఒక్కసారిగా, ఒకే గొంతుతో, మనం చిత్తం అన్నట్టు ఒడియాలో, "ఆజ్ఞా!" అన్నారు.

పోతయ్య గిరుక్కున వెనక్కి తిరిగాడు. ఆరుగురినీ, ఒక్కొక్కణ్ణే, పైనుంచి కిందిదాకా చూశాడు. ఇసుకలో తడబడుతూ వాళ్ళ దగ్గరికి నడిచి, మొదటివాడి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇంతమందొచ్చేవేటిరా నాయినా," అన్నాడు.